హీరోగారి ఎడమకాలు ఎక్కడుంది?

ఈసారి పాత సినిమా చూసేటప్పుడు మీరొక చిన్న పని చేయండి. హీరోగారు కారెక్కగానే హాల్లో అందరూ ఆయన మొహంకేసి చూస్తారు. కుర్రాళ్ళయితే పక్క సీట్లో కూర్చున్న హీరోయిన్‌కేసి చూస్తారు. మీరు మాత్రం ఆయన ఎడమకాలు ఏం చేస్తోందో చూడండి. కాలు కనిపించకపోతే చెయ్యి చూడండి.

పొడుగాటి అమెరికన్ కారు. పడవంత బానెట్. వెనకాల తెరమీద చెట్లు, కరెంటు స్తంభాలు పరుగులు పెడుతుంటాయి. బ్యాక్ ప్రొజెక్షన్ అన్నమాట! కారు మాత్రం స్టూడియో ఫ్లోరులో కదలక మెదలక నిలబడి ఉంటుంది. బంపరు పట్టుకుని ఊపడానికి ఇద్దరు కుర్రాళ్ళు ఉండనే ఉంటారు. ఇదంతా మీకు తెలిసిందే. ఆ ఊపులో హీరోగారు స్టీరింగ్ పక్కనున్న కడ్డీని పైకొకసారి, కిందికొకసారి, మళ్ళీ పైకొకసారి లాగి పారేస్తుంటారు చూశారూ... అక్కడే ఉంది తమాషా! అమెరికన్ కార్లలో కొన్నిటికి ఆ లాగుడే అక్కర్లేదు. క్లచ్ ఉండదు. కడ్డీని ఒక్కసారి 'డి' అక్షరం దగ్గర పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే బండి తనంతట తానే గేర్లు మార్చుకుంటుంది. పాపం, హీరోగారికి అంబాసిడర్ అలవాటు!

అలాగని తొందరపడి ఆయన్ని వెక్కిరించకండి. అదే మోడల్ కారు మామూలు గేర్లతోనూ వచ్చేది. దానికీ కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉండేది. కడ్డీ చూసి కారు జాతకం చెప్పడం కుదరదు. మరెలా చెప్పాలి? ఈ వారం సంగతి అదే. ఇది ఉత్త సరదా కబురు కాదు సుమండీ! భద్రాచలం అడవి దారిలో ఒక ముసలి మేస్త్రీ పరువు ఈ ప్రశ్న మీదే ముప్పై ఏళ్ళకు పైగా వేలాడింది.

రెండు ఫ్యాన్ల కథ

ఆటోమేటిక్ కారంటే నిన్నమొన్న వచ్చిన సరుకని కుర్రకారు అనుకుంటున్నారు. 2014లో మారుతీ సెలెరియో వచ్చాక మన ఊళ్ళలో ఆ మాట బాగా వినపడింది నిజమే. కానీ జనరల్ మోటార్స్ వాళ్ళు 'హైడ్రామాటిక్' అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో పెట్టి అమ్మారు. అంటే మన పెద్ద హీరోలింకా మేకప్ వేసుకోకముందు మాట! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ తేలికపాటి ట్యాంకుల్లో కూడా అది పనిచేసింది. అంత పేరున్న రోల్స్‌రాయిస్ వాళ్ళు సైతం 1950ల్లో లైసెన్సు తీసుకుని అదే పెట్టెను తమ కార్లకు పెట్టుకున్నారు.

సినిమావాళ్ళు మోజుపడ్డ షెవ్రొలే సంగతికొస్తే, దానికి 1950లో 'పవర్‌గ్లైడ్' వచ్చింది. ముందుకు వెళ్ళడానికి రెండే రెండు గేర్లు. మరి క్లచ్ లేకుండా ఎలా? చాలా తేలిక. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! గాలి బదులు నూనె, ఫ్యాన్ల బదులు ఇనప రెక్కలు. ఒక రెక్కల చక్రాన్ని ఇంజన్ తిప్పుతుంది, రెండోది గేర్‌బాక్స్‌ను తిప్పుతుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. బ్రేకు మీద కాలు పెట్టి బండి ఆపినా ఇంజన్ ఆగిపోదు, మధ్యలో ఉన్నది నూనే కాబట్టి. ఇక గేరు మార్చడం కూడా ఆ నూనె ఒత్తిడితోనే జరుగుతుంది. మొత్తం ప్రాణమంతా ఆ ఎర్ర నూనెలోనే ఉంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.

ఇలాంటి కార్లు మన దేశానికి వచ్చిన దారి కూడా చిత్రమైందే. ప్రభుత్వం దిగుమతులు బిగించేశాక రాయబార కార్యాలయాల వాళ్ళు వాడి వదిలేసిన బళ్ళు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలోంచి వేలం పాటకొచ్చేవి. డబ్బున్నవాళ్ళు పాడుకునేవారు. అక్కణ్ణించి చేతులు మారుతూ మారుతూ సినిమా కంపెనీలకీ, కాంట్రాక్టర్లకీ, జమీందార్లకీ చేరేవి. కారైతే వచ్చింది గానీ దాని సామాను వెనకాల రాలేదు. సీల్ పోతే సీల్ లేదు. నూనె అయిపోతే నూనె లేదు. అప్పుడు మన మెకానిక్కులు ఏం చేశారు? ఆటోమేటిక్ పెట్టె దించేసి, దొరికిన బండి గేర్‌బాక్స్ ఎక్కించి, కింద క్లచ్ పెడల్ కట్టి రోడ్డెక్కించారు. దేశం నిండా ఎన్ని బళ్ళకు ఈ ఆపరేషన్ జరిగిందో లెక్కలేదు!

గోదారి మింగిన నూనె

ఇక అసలు కథ. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటితే భద్రాచలం రోడ్డుకు రెండు పక్కలా అడవి కమ్ముకుంటుంది. 'అందాల రాముడు' 1973లో పడవెక్కి చేరిన భద్రాద్రికి మనం బస్సెక్కి చేరే దారి ఇది. ఆ దారిలోనే రేకుల షెడ్డు ఒకటుంది. షెడ్డు మేస్త్రీకి డెబ్భై దాటాయి. పేరు చెప్పను, ఆయనకది ఇష్టం లేదు.

మొన్నామధ్య ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు సినిమా కార్ల గురించి రాస్తారు కదా, ఒకసారి వచ్చి మా తాతగారి ఇంపాలా చూడాలి" అన్నాడు. 1965 మోడల్ షెవ్రొలే ఇంపాలా. ఎనిమిది సిలిండర్ల ఇంజన్. తాతగారు పోయి చాలా కాలమైంది. కారు మాత్రం భద్రాచలంలో ఇంటి పక్క కొట్టాంలో ఉంది. 1960ల నాటి పాట ఒకటి తీయాలని ఒక సినిమా కంపెనీ ప్రొడక్షన్ మనిషి ఊళ్ళ మీద పడి తిరుగుతూ ఈ కారు చూశాట్ట. దర్శకుడికి కడ్డీ 'డి' మీదకు జారే క్లోజప్ ఒకటి కావాలి, ఇది చూస్తే నేల మీద గేర్ రాడ్డు ఉన్న బండి! పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఆ వెనకే పాత కార్లు కొనే బేరగాడొకడు దిగాడు. "ఇది పుట్టుకతోనే మామూలు గేరు బండి. ఆటోమేటిక్ అని మీ తాతగారు గొప్పకు చెప్పుకుని ఉంటారు" అని తేల్చేసి, తుక్కు ధర చెప్పాడు.

కుర్రాడికి ధర కన్నా ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. అదొకటి. రెండోది ఇంకా చేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన 'నిజం' వేరే ఉంది. కారు ఆటోమేటిక్కే గానీ, మేస్త్రీ అసలు గేర్‌బాక్స్ అమ్మేసుకుని, ఆ డబ్బుతో షెడ్డుకు రేకులు వేయించుకున్నాడని! పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకుని చెప్పుకుని ఆ మాట రాతిమీద గీతయిపోయింది. ఆ ఇంటి శుభకార్యానికి మేస్త్రీకి పిలుపు వెళ్ళక మూడు దశాబ్దాలయింది.

ఇద్దరం కలిసి షెడ్డుకు వెళ్ళాం. కుర్రాడు మొహమాటపడుతూనే అడిగాడు. "తాతా, తప్పుగా అనుకోకు. మా కారు గేర్‌బాక్స్ ఏమైంది?"

మేస్త్రీ కోపగించుకుంటాడనుకున్నాను. బీడీ ఆర్పేసి నింపాదిగా అన్నాడు. "ఇన్నేండ్లకు ఒక్కడన్న మొకం మీద అడిగిండు. రా బిడ్డా, కూసో."

1986 ఆగస్టు. గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచిన ఏడాది. ఆ వరద చూసినవాళ్ళు ఇప్పటికీ కాలాన్ని దానికి ముందూ, దానికి తర్వాతా అని లెక్కపెడతారు. కారు మూడు రోజులు నీళ్ళలో ఉంది. "నీళ్ళు దిగినంక ట్రాక్టరుకి కట్టి తెచ్చిండ్రు. బానెట్ లేపితే అంతా ఒండ్రు. ఇంజన్ ఇప్పి కడిగినం, ఆరబెట్టినం. వారం దినాలకు లేచింది. గేర్‌బాక్స్ కింద చాంబర్ ఇప్పితే ఎర్రనూనె కాదు సార్, గులాబీ రంగు పాలు కారినయి!"

అదీ సంగతి. ఆటోమేటిక్ పెట్టెలో నీళ్ళు కలిస్తే నూనె అలాగే అవుతుంది. లోపలుండే క్లచ్ ప్లేట్ల మీద పూత నీళ్ళకు ఊడిపోతుంది. ప్లేట్లు, సీళ్ళు కొత్తవి తేవాలి. హైదరాబాద్, మద్రాస్, బొంబాయి మనుషుల్ని పంపి వాకబు చేశారు. దొరకలేదు. "పెద్దాయన ఏమన్నడంటే, ఇప్పుడైతే బండి నడవాలె, దీన్ని నీ దగ్గర దాచు, సామాను దొరికిననాడు మళ్ళ ఎక్కిద్దాం అన్నడు. రెండేండ్లకు ఆయన పోయిండు. నన్ను అడిగినోళ్ళు లేరు. నేను చెప్పుకోబోతే తలుపు తీసినోళ్ళూ లేరు."

షెడ్డు వెనక మూల గోనెసంచులు తీశాడు. కింద చెక్కదిమ్మల మీద ఒక అల్యూమినియం పెట్టె. దాని పక్కనే ఒక పొడుగు ప్రొపెల్లర్ షాఫ్టు. వంకరటింకర సన్నపైపులు రెండు, తాడుతో కట్టి ఉన్నాయి.

మూడు ప్రశ్నలు

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ గోనెసంచి కింద పెట్టె దొరికినంత మాత్రాన అది ఆ కారుదే అని ఎలా నమ్మడం? బేరగాడు నమ్మడు. ఆ ఇంటి ఆడవాళ్ళు అసలే నమ్మరు. "ఎక్కడో తుక్కులో తెచ్చి పెట్టాడు" అంటారు. డిటెక్టివ్ సినిమాలో మాదిరి సాక్ష్యం కావాలి. మేం ముగ్గురం టార్చిలైటు పట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఏ పాత కారుకైనా ఇవే ప్రశ్నలు, ఇదే వరస. మీకూ పనికొస్తాయి.

మొదటి ప్రశ్న: ఆ కాలంలో ఆ కారుకు ఆటోమేటిక్ ఉండే వీలుందా? క్యాలెండరు చూస్తే సగం అబద్ధాలు అక్కడే రాలిపోతాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో 1930 రోల్స్‌రాయిస్, మార్క్ ఫైవ్ జాగ్వార్ ఉన్నాయి. వాటిని చూపించి ఎవరైనా "ఆటోమేటిక్" అంటే నవ్వేసి ఊరుకోండి. ఆ రోల్స్‌రాయిస్‌ల నాటికి అలాంటి పెట్టె అమ్మకానికే లేదు. ఆ జాగ్వార్ మోడల్ మామూలు గేర్లతోనే వచ్చింది. మన ఇంపాలా 1965. ఆ ఏడాది మూడు గేర్ల మామూలు పెట్టె ఉంది, పవర్‌గ్లైడ్ కూడా ఉంది. కనుక వీలుంది. పాసు!

రెండో ప్రశ్న: ఈ కారు ఫ్యాక్టరీలోంచి దేనితో బయటికొచ్చింది? ఇక్కడ చాలామంది ఛాసిస్ నంబరు పట్టుకుని వేలాడతారు. 1965 షెవ్రొలేలో ఆ నంబరు ఏ సిరీస్, ఏ బాడీ, ఏ ఏడాది, ఏ ఫ్యాక్టరీ అన్నీ చెబుతుంది గానీ గేర్‌బాక్స్ ఊసెత్తదు. ఫోర్డ్ వాళ్ళయితే నయం, ఆ కాలపు కార్ల తలుపు దగ్గరి రేకు మీద గేర్‌బాక్స్‌కొక గడి కూడా ఇచ్చారు. షెవ్రొలేకు సాక్ష్యం ఇంకోచోట వెతకాలి.

కొట్టాంలో కారు దగ్గరికెళ్ళాం. ముందు కాళ్ళ దగ్గర చూశాం. ఆటోమేటిక్ కారులో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది, పక్కన క్లచ్ ఉండదు కాబట్టి. ఈ కారులో బ్రేకు పెడల్ మామూలు సైజే! కుర్రాడి మొహం వాడిపోయింది. మేస్త్రీ వంగి రబ్బరు ఊడదీశాడు. కింద ఇనుము ఒక అంచు నున్నగా, రెండో అంచు హాక్సా పళ్ళ గీతలతో ఉంది. "క్లచ్‌కి జాగా లేకపోతే నేనే కోసిన" అన్నాడు. క్లచ్ పెడల్ వైపు చూస్తే, దాని రాడ్డు ఇంజన్ వైపుకు వెళ్ళే కన్నం ఫ్యాక్టరీలో గుండ్రంగా కొట్టింది కాదు, గ్యాస్ కటింగుతో కాల్చింది. అంచులు ఎలక కొరికిన అట్టముక్కలా ఉన్నాయి.

తర్వాత స్పీడోమీటరు కింద. పి, ఆర్, ఎన్, డి, ఎల్. అయిదక్షరాలూ ఉన్నాయి. అద్దం మసకబారి, పైన ఎవరో నల్లటేపు అంటించారు గనక ఎవరికీ కనపడలేదు, అంతే! అన్నట్టు అక్షరాల వరస కూడా వయసు చెబుతుంది. తొలినాటి పవర్‌గ్లైడుల్లో రివర్సు అక్షరం చిట్టచివర ఉండేది. క్రైస్లర్ కంపెనీ వాళ్ళ ప్లిమత్, డాడ్జ్ కార్లలో 1956 నుంచి 1964 దాకా కడ్డీయే కాదు, బొత్తాలు! లిఫ్టులో నొక్కినట్టు నొక్కడమే. ఈసారి సినిమాలో డాష్‌బోర్డు మీద బొత్తాలు నొక్కి కారు కదిలిస్తే అది తమాషా ట్రిక్కనుకోకండి.

తర్వాత రేడియేటరు. ఆటోమేటిక్ పెట్టెలో నూనె బాగా కాగుతుంది. దాన్ని చల్లార్చడానికి రెండు సన్నపైపులు రేడియేటరు కింది భాగంలోకి వెళ్ళి వస్తాయి. మామూలు గేరు బండికి ఆ గొడవే లేదు. మా కారు రేడియేటరుకు రెండు పైపు మొండేలున్నాయి. చివర్లు నొక్కి, టంకం పెట్టి మూసేశారు.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, అక్షరాల పలకా, రేడియేటరూ మరో కారువి తెచ్చి బిగించారని బేరగాడు వాదించొచ్చు. తిరుగులేని సాక్ష్యం ఇంజన్ మీదే ఉంటుంది. ఎనిమిది సిలిండర్ల షెవ్రొలే ఇంజన్ ముందు, డ్రైవరు కుడిచేతి వైపు, సిలిండర్ హెడ్డుకు ఆనుకుని ఒక చదునైన జాగా ఉంటుంది. అక్కడ గుద్దిన నంబరు చివర అక్షరాలుంటాయి. అవి ఇంజన్ ఏ సైజుదో, ఏ గేర్‌బాక్స్‌తో జత కట్టడానికి తయారైందో చెబుతాయి. పుట్టినప్పుడే పచ్చబొట్టు పొడిచినట్టన్నమాట! కిరోసిన్ గుడ్డతో తుడిచాం. నలభై ఏళ్ళ జిడ్డు వదిలింది. అక్షరాలు తేలాయి. ఒకప్పుడు ఆ అక్షరాల అర్థం తెలియాలంటే అమెరికా నుంచి పుస్తకం రావాలి. ఇప్పుడు కుర్రాడు ఫోన్లో పట్టిక తీసి వేలుపెట్టి చూపించాడు. పవర్‌గ్లైడ్!

తాతగారు గొప్పకు చెప్పుకోలేదు. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు.

మూడో ప్రశ్న, మేస్త్రీ ప్రశ్న: గోనెసంచి కింద పెట్టె ఈ కారుదేనా? ముందు అది పవర్‌గ్లైడ్ అవునో కాదో చూడాలి. దానికి పెట్టె విప్పక్కర్లేదు, కింద నూనె చాంబర్ ఆకారం చూస్తే చాలు. పవర్‌గ్లైడ్ చాంబర్ దాదాపు చతురస్రం, 14 బోల్టులు. దాని తర్వాత వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350కి ఒక మూల కోసేసినట్టుంటుంది, 13 బోల్టులు. 400కైతే అదొక అష్టావక్రం, దానికీ 13 బోల్టులే. అసలు 350 రకం వచ్చిందే 1969 మోడళ్ళతో. 1965 కారు కింద అది కనబడితే తర్వాతెవరో మార్చారని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. మేం బోల్టులు లెక్కపెట్టాం. పద్నాలుగు. పెట్టె పక్కన పోతపోసిన పేరు కూడా మట్టి కింద నుంచి బయటపడింది. పైగా అది అల్యూమినియం. పెద్ద షెవ్రొలేలకు 1962 దాకా వచ్చిన పవర్‌గ్లైడ్ పోతఇనుముది, ఆ తర్వాతిది అల్యూమినియం. కాలం సరిపోయింది.

పెట్టె అంచు మీద ఫ్యాక్టరీ గుర్తు, తయారైన నెల, తేదీ గుద్ది ఉన్నాయి. మార్చి నెల. కారు ఇంజన్ గదిలో, డ్రైవరు కాళ్ళ ముందుండే గోడకు అవతలివైపు, బాడీ తయారైన నెలా వారం చెప్పే చిన్న రేకు ఉంటుంది. అందులో 04, పక్కన బి. అంటే ఏప్రిల్ రెండో వారం. ఎలా ఉండాలో అలాగే ఉంది! గేర్‌బాక్స్ ముందు తయారై, కొన్ని వారాలకు కారులోకి ఎక్కాలి. అది ఏ ఆగస్టో అయితే కథ అడ్డం తిరిగేది.

అయినా ఒక సందు మిగిలింది. 1968 మోడళ్ళ నుంచి కారు నంబరులో కొంత భాగాన్ని గేర్‌బాక్స్ మీద కూడా గుద్దారు. దొంగబళ్ళు పట్టుకోవడానికి. 1965కు అంత సౌకర్యం లేదు. ఆ మార్చిలో తయారైన పవర్‌గ్లైడులు ఇంకా ఎన్నో ఉంటాయి కదా! కుర్రాడి మేనత్త ఫోన్లో అదే అంది. "నెల కలిస్తే జాతకం కలిసినట్టా?"

అప్పుడు మేస్త్రీ తాడుతో కట్టిన ఆ రెండు వంకర పైపులు అందుకున్నాడు. "నట్లు తుప్పు పట్టి రాకపోతే హాక్సాతో కోసి దించిన" అని కారు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రేడియేటరు మొండేలకున్న టంకం కరిగించి, మూతలు తీసి, నొక్కేసిన చివరల పైన ఉన్న కోత గీతలు తడిమి చూశాడు. ఒక పైపు అడ్డంగా తెగింది. రెండోది బ్లేడు జారి ఏటవాలుగా తెగింది. షెడ్డులోంచి తెచ్చిన పైపును దానికి ఆనించాడు. చించిన సినిమా టిక్కెట్టు రెండు ముక్కలు కలిపితే ఎలా కలుస్తాయి? అలా కలిశాయి! ఆ వంకర కోత ప్రపంచంలో ఇంకో కారుకు ఉండదు.

కుర్రాడు ఫోన్లో వీడియో పెట్టి మేనత్తకు చూపించాడు. అవతల నుంచి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ, "మేస్త్రీ గారూ, షెడ్డు రేకులు ఎప్పుడు వేయించారు?" అని అడిగింది. "వరద రాకముందు రెండేండ్లకమ్మా. గవి ఇప్పుడు కారుతున్నయి" అన్నాడాయన. అంతే, ఇంకేం అనలేదు. సినిమాలోలా ఎవరూ కాళ్ళమీద పడలేదు, వెనకాల వయొలిన్లు మోగలేదు. వచ్చే నెల ఆ ఇంట్లో పెళ్ళి ఉంది. శుభలేఖకు పసుపు రాసి కుర్రాడే స్వయంగా షెడ్డుకు తీసుకెళ్ళాడని తర్వాత తెలిసింది.

చట్టం అడగని ప్రశ్న

మీ ఇంట్లోనో, మీ ఊరి కామందు కొట్టాంలోనో ఇలాంటి బండి ఉంటే ఒక ముక్క తెలుసుకోండి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బళ్ళకు కొత్త నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన సొంత వాడకం కార్లకు, మోటారు సైకిళ్ళకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుబాటు. రోజూ ఆఫీసుకు, మార్కెట్టుకు తిప్పడానికి మాత్రం కాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో రోడ్డెక్కొచ్చు. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు అంది చట్టం.

గమనించారా? గేర్‌బాక్స్ పేరెత్తలేదు! అంటే దాని సంగతి పట్టించుకోవలసింది మనమే. బేరగాళ్ళు ఆడుకునేది కూడా సరిగ్గా ఆ ఖాళీలోనే. కొనేటప్పుడు "ఒరిజినల్ కాదు" అంటారు, అదే బండి అమ్మేటప్పుడు "ఫ్యాక్టరీ ఆటోమేటిక్" అంటారు. రెండు మాటలకూ రుజువు అడగండి. ఇంజన్ మీది అక్షరాలు చూపించమనండి, చాంబర్ బోల్టులు లెక్కపెట్టండి, తేదీలు కలపండి. ఏదీ కుదరకపోతే ఆ బండి మీద పనిచేసిన ముసలి మేస్త్రీని వెతికి పట్టుకోండి. ఆయన మీద ఊరు చెప్పుకునే కథకన్నా ఆయన షెడ్డు వెనక మూల ఎక్కువ చెబుతుంది.

ఇంపాలా సంగతేమయిందంటారా? అమ్మకం లేదు. ఒకప్పుడు బొంబాయి దాకా వెతికినా దొరకని ప్లేట్లు, సీళ్ళు ఇప్పుడు అమెరికాలో కిట్టుగా పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. కుర్రాడు ఆర్డరిచ్చాడు. మేస్త్రీ కళ్ళు ఇదివరకట్లా కనబడవు గనక విప్పేది కుర్రాడు, చెప్పేది మేస్త్రీ. ప్రొడక్షన్ మనిషి మళ్ళీ ఫోన్ చేయలేదు. వాళ్ళ పాట వేరే కారుతో తీసేశారని విన్నాను. సినిమా విడుదలయ్యాక మీరే చూసి చెప్పండి, అందులో హీరోగారు గేర్లు ఎన్నిసార్లు మార్చారో!

వచ్చే వారం మరో కబురు.